ఇంటికాడి గొంతు

మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకడికి కంప్యూటరుంది, ఇంకొకడికి స్పీకర్లున్నాయి. నాకేమీ లేవు కాబట్టి ఏ పాట పెట్టాలో చెప్పే హక్కు కూడా లేదు. వైజాగ్ రూమ్మేట్ సెలవులకి ఇంటికెళ్లి వచ్చిన ప్రతిసారీ ఎవరి దగ్గరో కాపీ చేసుకుని హార్డ్ డిస్క్ నిండా ఇంగ్లీష్ పాటలు తెచ్చేవాడు. 2008లో ఒక రాత్రి, రెండో సంవత్సరం పరీక్షల ముందు, వాటిలోంచి ఒకటి పెట్టాడు. డ్రమ్స్, గిటార్ రెండూ ఒకేసారి మీద పడ్డాయి. తర్వాత ఎవరో కుర్రాడు ఊపిరి తీసుకోకుండా ఏదో చెప్పుకుంటూ పోయాడు. పాడుతున్నట్టు లేదు. బస్టాండులో నిలబడి నిన్న రాత్రి జరిగిన గొడవ గురించి ఫ్రెండ్స్‌కి చెప్తున్నట్టుంది.

ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏం భాష రా ఇది?" అన్నాను.

"ఇంగ్లీషే. ఆర్క్‌టిక్ మంకీస్. ఇంగ్లాండ్‌లో పైనెక్కడో వీళ్ల ఊరు. వాళ్ల యాస అంతే. మీ వాళ్ల తెలుగు లాగా అనుకో."

వాడు వెక్కిరిద్దామని అన్నమాట కాదది. ఉన్న విషయం చెప్పాడంతే. నేను కూడా నవ్వాను. అలా నవ్వెయ్యడం అప్పటికి నాకు బాగా అలవాటైపోయింది.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో పనిచేసేవాడు. మా దిక్కు గనిని బాయి అంటారు. "బాపు బాయికి పోయిండు" అంటే బొగ్గు గనిలోకి డ్యూటీకి దిగాడని. పదో తరగతి దాకా నేను మాట్లాడేది ఒక యాస అని నాకు తెలియదు. క్వార్టర్స్‌లో అందరూ అట్లనే మాట్లాడేవాళ్లు. యాస ఉన్నది టీవీ వాళ్లకి అనుకునేవాణ్ణి. ఇంటర్‌కి కృష్ణా జిల్లాలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. మొదటి వారంలో ఫిజిక్స్ లెక్చరర్ ఏదో అడిగితే లేచి "తెల్వదు సార్" అన్నాను. ఆయన "ఏంటీ?" అన్నారు. మళ్లీ చెప్పాను. ఆయన మళ్లీ "ఏంటీ?" అన్నారు. మూడోసారికి అర్థమైంది, వినపడక అడగట్లేదని. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది ఫిజిక్స్ కంటే శ్రద్ధగా నేను నేర్చుకున్నది "తెలియదు సార్" అనడం.

ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వచ్చేసరికి పూర్తిగా తయారైపోయాను. ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్లు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం గదిలో మాట్లాడేవాణ్ణి కాదు. వరండా చివర నీళ్ల ట్యాంకు దగ్గరకి వెళ్లేవాణ్ణి. సిగ్నల్ కోసం వెళ్తున్నాననుకునేవాళ్లు.

రూమ్మేట్ అన్న ఆ ఒక్క మాట వల్లే నేను వాళ్ల గురించి వెతకడం మొదలుపెట్టాను. తమ ఊరి యాసలో పాడితే ప్రపంచమంతా వినే కుర్రాళ్లెవరో, వాళ్లకది ఎలా సాధ్యమైందో తెలుసుకోవాలనిపించింది.

ఇంగ్లాండ్ ఉత్తరాన యార్క్‌షైర్. అందులో షెఫీల్డ్. కత్తులకీ ఫోర్కులకీ చెంచాలకీ పేరుపడ్డ ఉక్కు నగరం. చుట్టుపక్కలంతా బొగ్గు గనులుండేవి. 1984లో గనుల మూసివేతకి వ్యతిరేకంగా కార్మికులు దాదాపు ఏడాదిపాటు సమ్మె చేశారు. ఆ ఏడాది జూన్ 18న షెఫీల్డ్ పక్కనే ఉన్న ఓర్‌గ్రీవ్‌లో గుర్రాలెక్కిన పోలీసులు కార్మికుల మీదికి దూసుకుపోయారు. సమ్మె ఓడింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ బ్యాండ్ కుర్రాళ్లు పుట్టింది దాని వెంటనే, 1985, 86ల్లో.

బొగ్గు అనే మాట చదవగానే చుట్టరికం కలిపేసుకుందామనుకున్నాను. కుదర్లేదు. పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్ వాళ్ల అమ్మానాన్నా ఇద్దరూ టీచర్లు. అమ్మ జర్మన్ చెప్పేది, నాన్న సంగీతం, ఫిజిక్స్ చెప్పేవాడు. గని కార్మికుడి కొడుకు గొంతెత్తి పాడాడు అని చెప్పుకుంటే కథ బాగుంటుంది గానీ, అది వాళ్ల కథ కాదు. వాళ్లది ఇంకా మామూలు కథ. నాకు పనికొచ్చింది ఆ మామూలుతనమే.

షెఫీల్డ్ ఉత్తరపు అంచున హై గ్రీన్ అని ఒక శివారు. టర్నర్, మ్యాట్ హెల్డర్స్ చిన్నప్పట్నుంచీ ఒకే చోట పెరిగారు, ఒకే బడికి వెళ్లారు. జేమీ కుక్ వాళ్ల ఇరుగుపొరుగువాడే. 2001 క్రిస్మస్‌కి టర్నర్‌కీ కుక్‌కీ చెరొక గిటార్ వచ్చింది. ఇద్దరికీ వాయించడం రాదు. బాస్ గిటార్ ఆండీ నికల్సన్ దగ్గరుంది. ఇక హెల్డర్స్‌కి మిగిలింది డ్రమ్సే, కాబట్టి డ్రమ్స్ నేర్చుకున్నాడు. ఆ డ్రమ్సే నన్ను హాస్టల్ మంచం మీంచి లేపి కూర్చోబెట్టాయి. ఏడాదిన్నర గ్యారేజీల్లో, అద్దె గదుల్లో వాయించుకుని, 2003 జూన్ 13న షెఫీల్డ్‌లో ద గ్రేప్స్ అనే చిన్న పబ్‌లో మొదటిసారి జనం ముందుకొచ్చారు. అప్పటికి వాళ్లకి పదిహేడేళ్లు, అటూ ఇటుగా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లీష్ రాక్ గాయకుల్లో చాలామంది అమెరికన్ గొంతుతో పాడేవాళ్లు. రాక్ అమెరికా నుంచి వచ్చింది కాబట్టి ఆ యాస కూడా పాటతోపాటే వచ్చేసింది. మిక్ జాగర్ లండన్ పక్కన డార్ట్‌ఫర్డ్‌లో పుట్టినవాడు, వింటే మిసిసిపీ ఒడ్డున పెరిగినట్టుంటాడు. షెఫీల్డ్‌లోనే పుట్టిన జో కాకర్ గొంతులోనూ అమెరికన్ బ్లూస్ నిండి ఉంటుంది. దాంట్లో తప్పేం లేదు, గొప్ప పాటలు పాడారు. కింక్స్, పల్ప్ లాంటి వాళ్లు ఈ దారి తప్పించి తమ గొంతుతోనూ పాడారు. కానీ గిటార్ పట్టుకున్న కొత్త కుర్రాడి నోట్లోకి ముందుగా వచ్చేది అరువు గొంతే. మనవాళ్లు కవిత రాయడానికి కూర్చోగానే ఎక్కడి నుంచో 'నిశీధి', 'విషాద వీచిక' వచ్చి కలం మీద వాలినట్టు.

ఆర్క్‌టిక్ మంకీస్‌కి 'ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో' అని ఒక పాటుంది. పక్క వీధిలో పెరిగి, అమెరికా నుంచి దిగినట్టు పోజులు కొట్టే లోకల్ బ్యాండ్ల మీద అది. షెఫీల్డ్‌లోని హంటర్స్ బార్, పక్కనున్న రోథర్‌హామ్ పేర్లు ఆ పాటలో వస్తాయి. రాక్ పాటలో శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ అంటే ఎవరూ తలెత్తి చూడరు. రోథర్‌హామ్ అంటే ఆ ఊరివాళ్లే నవ్వుతారు. ఆ నవ్వు నాకు తెలుసు. 'సికింద్రాబాద్' అనే మాట కవితలో ఇముడుతుంది గానీ 'పెద్దపల్లి' ఇమడదని నేను సీరియస్‌గా నమ్మిన రోజులవి.

ఆ రోజుల్లో టర్నర్ షెఫీల్డ్‌లో బోర్డ్‌వాక్ అనే చోట బార్ కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. అక్కడ పాటల ప్రోగ్రాములు జరిగేవి. పాతరోజుల్లో ఆ చోటు పేరు బ్లాక్ స్వాన్. 1976 జూలై 4న ద క్లాష్ తమ మొట్టమొదటి ప్రదర్శన ఇచ్చింది అక్కడే. బోర్డ్‌వాక్‌లోనే టర్నర్ ఒక రాత్రి జాన్ కూపర్ క్లార్క్‌ని చూశాడు. శాల్ఫర్డ్ కవి. పంక్ బ్యాండ్ల మధ్య స్టేజీ ఎక్కి, ఉత్తరాది యాస మార్చకుండా, తుపాకీ పేల్చినంత వేగంగా కవితలు చదివే మనిషి. టర్నర్ తర్వాత ఆ ప్రభావం గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆ కవి 'ఐ వానా బి యువర్స్' అనే కవితనే 2013లో తన ఆల్బమ్‌లో పాటగా పాడాడు. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పాట పెట్టుకునే మనవాళ్లలో అది ఒక శాల్ఫర్డ్ ముసలాయన కవిత అని ఎంతమందికి తెలుసో గానీ.

గ్లాసులు అందిస్తూ నిలబడ్డవాడి చెవులెప్పుడూ ఖాళీగా ఉంటాయి. టర్నర్ మొదటి పాటలన్నీ ఆ కౌంటర్ వెనకాల నిలబడి విన్నట్టే ఉంటాయి. క్లబ్బు గుమ్మం దగ్గర లోపలికి పోనివ్వని బౌన్సర్. రాత్రి ట్యాక్సీలో ఎవరు ఎక్కడ కూర్చోవాలనే గొడవ. మైనర్ కుర్రాళ్లు తాగి పోలీసు వ్యాను వాళ్లతో చేసే వెటకారం. సాయంత్రమైతే వాళ్ల ప్రాక్టీస్ గది చుట్టుపక్కల రోడ్డు మీద నిలబడే ఆడవాళ్లు, వాళ్ల కోసం కార్లో వచ్చే నీచుడు. ఈ చివరిది 'వెన్ ద సన్ గోస్ డౌన్'. అందులో 'సంథింగ్' అనాల్సిన చోట 'సమ్మట్' అంటాడు. యార్క్‌షైర్‌లో అట్లనే అంటారు. అది విన్నప్పుడు నాకు ఫిజిక్స్ క్లాసు గుర్తొచ్చింది. వీణ్ణి మూడుసార్లు "ఏంటీ?" అని అడిగేవాడు లేకపోయాడా అనుకున్నాను.

అడక్కపోవడానికి కారణం తర్వాత తెలిసింది. వాళ్ల ముందు కూర్చున్నవాళ్లందరికీ ఆ మాట తెలుసు.

2004లో వాళ్లు షెఫీల్డ్‌లోనే ఒక స్టూడియోలో డెమోలు రికార్డ్ చేసుకున్నారు. వాటిని సీడీల మీద కాపీ చేసి, ప్రోగ్రాముల దగ్గర వచ్చినవాళ్లకి ఊరికే పంచారు. సీడీ దొరికినవాళ్లు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, దొరకనివాళ్లకి ఇంటర్నెట్‌లో పంపుకున్నారు. ఆ డెమోలన్నిటికీ కలిపి 'బినీత్ ద బోర్డ్‌వాక్' అని పేరుపడింది. ఆ పేరు పెట్టింది కూడా బ్యాండ్ కాదు, అభిమానులే. మైస్పేస్‌లో వాళ్ల పేజీ తెరిచింది కూడా అభిమానులే. మైస్పేస్ వల్ల పైకొచ్చిన బ్యాండ్ అని పత్రికలన్నీ రాస్తుంటే, అసలు మైస్పేస్ అంటే ఏంటో మాకు తెలీదని ఆ కుర్రాళ్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ వాళ్లని పైకి తెచ్చింది అంటే సగమే నిజం. అప్పట్లో ఇంటర్నెట్‌లో పాటలు పెట్టుకున్న బ్యాండ్లు లెక్కలేనన్ని. కానీ ఈ సీడీలు మొదట చేరింది షెఫీల్డ్ చుట్టుపక్కల పిల్లలకి. తాము వెళ్లే క్లబ్బు, తాము ఎక్కే ట్యాక్సీ, తాము ఇంట్లో మాట్లాడే మాట ఎవరో పాటలో పెట్టారు. అలాంటిది దొరికితే ఎవరైనా ఏం చేస్తారు? పక్కవాడికి వినిపిస్తారు. లండన్ కంపెనీల వాళ్లు వినడానికి వచ్చేసరికి హాల్లో జనం అప్పటికే మొత్తం పాటలు నోటికి పాడుతున్నారు. ఒక్క ఆల్బమ్ కూడా రాకముందే. 2005 అక్టోబర్‌లో లండన్ ఆస్టోరియా హాలు టికెట్లన్నీ అమ్ముడైపోయాయి.

అంతకుముందే, 2005 జూన్‌లో, డామినో అనే ఇండిపెండెంట్ కంపెనీతో సంతకం చేశారు. లారెన్స్ బెల్ అనే ఆయన 1993లో మొదలుపెట్టిన చిన్న కంపెనీ అది. పెద్ద కంపెనీలు వెంటపడుతున్నా దాన్నే ఎంచుకున్నారు. అక్టోబర్‌లో 'ఐ బెట్ యూ లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్' సింగిల్ వచ్చింది. మా హాస్టల్‌లో నేను విన్న పాట అదే. రాబీ విలియమ్స్‌నీ షుగర్‌బేబ్స్‌నీ వెనక్కి నెట్టి నేరుగా నంబర్ వన్‌కి వెళ్లింది. 2006 జనవరి 23న మొదటి ఆల్బమ్. మొదటి వారంలోనే 3,63,735 కాపీలు. అప్పటిదాకా బ్రిటన్‌లో ఏ బ్యాండ్ తొలి ఆల్బమూ అంత వేగంగా అమ్ముడుపోలేదు. ఆ పాటల్లో చాలావరకు డెమోలుగా ఊరికే దొరికినవే, అయినా కొన్నారు.

ఆల్బమ్ పేరు 'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్'. జనం నన్ను ఏమంటారో, అది నేను కాదు అని. ఈ మాట ఆలన్ సిల్లిటో 1958లో రాసిన 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' నుంచి వచ్చింది. నాటింగ్‌హామ్ సైకిళ్ల ఫ్యాక్టరీలో లేత్ మిషన్ దగ్గర పనిచేసే ఆర్థర్ సీటన్ కథ ఆ నవల. వారమంతా మిషన్, శనివారం రాత్రి తాగుడు. నేను ఆల్బమ్ పేరు పట్టుకునే ఆ పుస్తకం వెతికి చదివాను. సెకండ్ హ్యాండ్ కాపీ, అబిడ్స్ ఆదివారం సంతలో దొరికింది. బాపు షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, శనివారం రాత్రి దోస్తులతో కూర్చునే దృశ్యం ఒక ఇంగ్లీష్ నవలలో ఉంటుందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడిదాకా చదివి, ఈ పాటలు విని నేను మారిపోయానని చెప్తాననుకుంటున్నారేమో. 2009 సంక్రాంతి తర్వాత జరిగింది చెప్తాను.

ఏదో పెళ్లికి హైదరాబాద్ వచ్చిన బాపు చెప్పాపెట్టకుండా హాస్టల్‌కి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా, అమ్మ పంపిన సకినాలు. గేటు దగ్గర నేను నలుగురు ఫ్రెండ్స్‌తో నిలబడి ఉన్నాను. నన్ను చూసి "ఎట్లున్నవ్ బిడ్డా" అన్నాడు. నేను నా మంచి తెలుగులో, "రండి నాన్నగారూ, కూర్చోండి" అన్నాను.

జన్మలో బాపుని నేను 'మీరు' అనలేదు. 'నాన్నగారు' అనే మాట మా ఇంట్లో సినిమా చూస్తున్నప్పుడు తప్ప వినపడదు. బాపు ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత నా ఫ్రెండ్స్ వైపు తిరిగి, ఎన్నడూ తన నోట నేను వినని తెలుగులో, "మీరందరూ బాగున్నారా అండీ? బాగా చదువుకుంటున్నారా అండీ?" అన్నాడు. ప్రతి మాట చివర ఒక అండి. బాయిలో ఎక్కడ కాలు పెట్టాలో చీకట్లో కూడా తెలిసిన మనిషి, ఒక్కో మాట మీదా తడుముకుంటూ నడిచాడు. పది నిమిషాలుండి వెళ్లిపోయాడు. సకినాలు ఫ్రెండ్స్ తిన్నారు. చాలా బాగున్నాయన్నారు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. 'మార్డీ బమ్' అని ఒక పాటుంది. మార్డీ అంటే ఆ ప్రాంతాల్లో వాడే మాట. అలిగి మూతి ముడుచుకున్న మనిషి. నాకు ఠక్కున అమ్మ గొంతు వినిపించింది, "గట్ల మూతి ముడుసుకున్నవేంది" అని. నిఘంటువులో మార్డీకి ఇచ్చిన ఇంగ్లీష్ అర్థం కంటే అదే దగ్గరగా ఉంది. ఒక మాట ఇంటికాడిది అయితే ఇంకో ఇంటికాడి మాటే దానికి సరిపోతుందేమో.

ఆల్బమ్‌లో చివరి పాట 'ఎ సర్టెన్ రొమాన్స్'. మొదట్లో టర్నర్ తన ఊరి కుర్రాళ్లని అసహ్యించుకుంటాడు. వాళ్ల బట్టలు, వాళ్ల రింగ్‌టోన్లు, వాళ్ల కొట్లాటలు, ఈ చోట్లో రొమాన్స్ అనేదే లేదని. పాట నడుస్తున్నకొద్దీ గొంతు మెత్తబడుతుంది. చివరికి, వాళ్లలో కొందరు నా దోస్తులే, వాళ్లు హద్దు దాటినా నాకు అంత కోపం రాదు అన్నట్టుగా వదిలేస్తాడు. ఆ తర్వాత మాటలుండవు, గిటార్ ఒక్కటే చాలాసేపు మోగుతుంది. ఊరిని పొగడటం ఎట్లనో నాకు తెలుసు, పండగ వ్యాసాల్లో చదివాను. ఊరి మీద సిగ్గుపడటం ఎట్లనో ఇంకా బాగా తెలుసు. ఈ రెండూ కాకుండా ఊరిని చూడొచ్చని ఇరవై ఏళ్లు కూడా నిండనివాడు రాశాడు. నేను అదే వయసులో గేటు దగ్గర నాన్నగారూ అన్నాను.

పైకి రావడం వాళ్లకి కూడా ఊరికే జరగలేదు. ఆల్బమ్ వచ్చిన నాలుగు నెలలకే, అలసిపోయానని ఆండీ నికల్సన్ అమెరికా టూర్‌కి వెళ్లలేదు. జూన్‌కల్లా బ్యాండ్‌లోనే లేడు. అతని చోట్లో వచ్చిన నిక్ ఓమాలీది కూడా హై గ్రీనే. బాస్ గిటార్ ఖాళీ అయినా ఊరు దాటి వెతకలేదన్నమాట. అదే 2006లో వాళ్లకి మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. స్టేజీ ఎక్కిన టర్నర్ ముందుగా అన్నది, ఎవరైనా 999కి ఫోన్ చెయ్యండి, రిచర్డ్ హాలీని దోచుకున్నారు అని. హాలీ అదే పోటీలో ఓడిన పెద్ద గాయకుడు. అతనిదీ షెఫీల్డే.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. 2009లో వచ్చిన 'హంబగ్' ఆల్బమ్ కోసం జాష్ హోమీతో కలిసి అమెరికా ఎడారికి వెళ్లారు. తర్వాత టర్నర్ కొన్నాళ్లు లాస్ ఏంజెలస్‌లో ఉన్నాడు. జుట్టు పైకి దువ్వాడు, లెదర్ జాకెట్ వేశాడు. 2013లో గ్లాస్టన్‌బరీ స్టేజీ మీద పాటల మధ్య మాట్లాడుతుంటే అభిమానులు అదిరిపడ్డారు. నిదానంగా, సాగదీస్తూ, ఎల్విస్ సినిమాలో మాట్లాడినట్టు. ఎక్కడి షెఫీల్డ్, ఎక్కడి యాస! శాన్‌ఫ్రాన్సిస్కో పోజుల మీద పాట రాసినవాడే కాలిఫోర్నియా పోజు కొడుతున్నాడని వెక్కిరింపులు మొదలయ్యాయి. నాకూ కోపం వచ్చింది. నా సొంత యాసని వదిలేసిన నేను, ఎక్కడివాడో తన యాస వదిలేశాడని ఉద్యోగం మధ్యలో కూర్చుని కోపం తెచ్చుకున్నాను. వాడు మా అందరి తరఫున కాపలా కాయాలనుకున్నానేమో.

ఆ కోపం ఎట్ల పోయిందో చెప్తాను.

తెలంగాణ వచ్చాక యాసకి మంచి రోజులొచ్చాయి. అంతకుముందు సినిమాల్లో రౌడీకో కమెడియన్‌కో అంటగట్టిన భాష, హీరోయిన్ల నోట్లోకి వచ్చింది. నాక్కూడా ధైర్యం వచ్చింది. 2016లో ఒక కథ రాశాను, మొత్తం మా ఖని భాషలో. హైదరాబాద్‌లో ఒక చిన్న మీటింగులో చదివాను. చప్పట్లు కొట్టారు. 'మట్టి వాసన' అన్నారు ఒకరు. బొగ్గు వాసన అనాలేమో, సరే. మా పెద్దమ్మ కొడుకు కూడా వచ్చాడు, అన్న, సింగరేణిలోనే పని. బయటకొచ్చి చాయ్ తాగుతుంటే అన్నాడు:

"మంచిగనే ఉంది తమ్మీ. గని మన దిక్కు గట్ల ఎవలు మాట్లాడుతరు? ప్రతి మాటకు గింత గింత అనుకుంట. సినిమల లెక్కుంది."

వాడన్నది నిజం. ఇంట్లోంచి వెళ్లిపోయి పన్నెండేళ్లయింది. నేను రాసింది మా భాష కాదు, మా భాష ఎట్లుంటుందని బయటివాళ్లు అనుకుంటారో అది. నాన్నగారూ అన్నది ఒక వేషమైతే ఇది రెండోది. ఆ రాత్రి టర్నర్ మీద కోపం మొత్తం దిగిపోయింది. ఇరవై నిండకముందు కౌంటర్ వెనకాల విన్నది ఆ వయసు గొంతుతోనే పాడాడు. ముప్ఫై దగ్గరపడ్డాక, ఎక్కడో ఇంకో దేశంలో ఉంటూ, మళ్లీ అదే యాస తెచ్చిపెట్టుకుని పాడి ఉంటే అదే అసలైన ఫేక్ టేల్ అయ్యేది. తొలి ఆల్బమ్‌లో నన్ను పట్టుకున్నది యాస అనుకున్నాను ఇన్నేళ్లూ. చెవి అది. ఎదురుగా ఉన్నవాళ్లు ఎట్ల మాట్లాడుతున్నారో అట్ల వినడం. నా కథలో లేనిది అదే. నేను ఎవర్నీ వినకుండా గుర్తుతెచ్చుకుని రాశాను.

ఈ వ్యాసం కూడా నేను కాలేజీ నేర్పిన తెలుగులోనే రాస్తున్నా, గమనించే ఉంటారు. మధ్యలో ఎక్కడో 'అట్లనే' దొర్లింది, 'ఎట్లనో' దొర్లింది. సరిచెయ్యలేదు. ఇప్పుడు నా దగ్గరున్న గొంతు ఇది, రెండూ కలిసినది.

బాపు రిటైరయ్యాడు. పోయినేడు ఆయన్ని ఖని నుంచి హైదరాబాద్ తీసుకొస్తున్నాను, కారులో. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటాక ఆ మొదటి ఆల్బమ్ పెట్టాను. కాసేపు విన్నాడు.

"ఎవలు వీళ్లు?"

"ఇంగ్లాండోళ్లు బాపూ. వాళ్ల ఊరి దిక్కు గూడ బొగ్గుబాయిలుండె."

"ఇప్పుడు లేవా?"

"అన్ని మూసిండ్రు."

"మూస్తే మరి ఏం జేసిండ్రు జనం?"

దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. "వీళ్లయితే పాటలు పాడిండ్రు," అన్నాను. బాపు నవ్వాడు. చివరి పాట వచ్చింది. ఏమంటున్నాడని అడిగాడు. ఊళ్లో పోరగాండ్లు తాగుతరు, కొట్టుకుంటరు, గని మనోళ్లే గదా అంటుండని చెప్పాను. "అంతే గదా మరి," అన్నాడు, అందులో పాట కట్టేంత విషయం ఏముందన్నట్టు.

గిటార్ మోగుతుండగా అడిగేశాను. "బాపూ, హాస్టల్‌కి వచ్చినప్పుడు నిన్ను నాన్నగారూ అన్న. యాదికున్నదా?"

"ఉన్నది."

రోడ్డు వైపే చూస్తున్నాడు. నేనూ రోడ్డు వైపే చూస్తున్నాను.

"దోస్తులుండిరి గదా," అన్నాడు. "నేను గూడ అండీ అండీ అన్న గదా నీ కోసం." కాసేపాగి, "సౌండ్ జర తగ్గియ్ బిడ్డా, చెవులు పోతున్నయ్," అన్నాడు.

తగ్గించాను.